ట్రాన్స్‌ఫర్‌ని స్పానిష్‌లో ఏమంటారు?

పిల్లలూ, మీలో చాలామందికి బడిలో చేరకముందే వచ్చేసిన ఇంగ్లీషు మాట ఒకటుంది: ట్రాన్స్‌ఫర్. స్పెల్లింగ్ రాకముందే దాని అర్థం మీకు తెలుసు. అట్టపెట్టెలు, కొబ్బరితాళ్ళు, బీరువా అద్దానికి చుట్టిన పాత దుప్పటి, టీసీ కోసం ఆఫీసు గది ముందు నిలబడ్డ అమ్మ. మాదీ అదే బతుకు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆరు ఊళ్ళు మారాం. ఇప్పుడు చెప్పబోయేది ఐదో ఊరు ఢిల్లీలో జరిగింది.

ఒక జనవరి మధ్యాహ్నం, భోజనాల వేళ, ఏడో తరగతి చదివే తెలుగు అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్నగారికి విదేశాంగ శాఖలో ఉద్యోగం. పెరూ దేశపు రాజధాని లిమాకు వేశారు. అక్కడి బళ్ళు మార్చిలో తెరుస్తారు. “కొత్త బళ్ళో మొదటిరోజు లేపి నిలబెట్టి నీ గురించి చెప్పమంటారు కదా మేడమ్. స్పానిష్‌లోనే చెబుదామని రాసుకున్నాను, కొంచెం చూస్తారా?” అంది.

మేము తెలుగు చెప్పుకునేవాళ్ళం. స్పానిష్ మాకు సెలవురోజుల చదువు. హనుమాన్ రోడ్డులోని సెర్వాంతెస్ సంస్థలో ఏడాదిన్నరగా నేర్చుకుంటున్నామని ఎవరి ద్వారానో ఆ అమ్మాయికి తెలిసింది. సరే, పుస్తకం తెరిచాం. ఎడమవైపు ఐదు ఇంగ్లీషు వాక్యాలు, కుడివైపు వాటికి స్పానిష్. చేతిరాత ముత్యాలే. ఒక్కొక్క ఇంగ్లీషు మాటకూ జేబు నిఘంటువు తీసి, అక్కడ మొట్టమొదట కనిపించిన స్పానిష్ మాటను తెచ్చి పెట్టింది. క్రియారూపాలు కూడా ఓపికగా చూసి సరిచేసుకుంది.

ఆ కుడివైపు వాక్యాలను తిరిగి తెలుగులోకి తెస్తే ఇలా వచ్చాయి. మా నాన్నకు బ్యాంకులో డబ్బు పంపకం ఉంది. నాకు ఈదడంతో పరిచయం ఉంది. నా సైకిలు బయటికి వెళ్ళాను. అమ్మమ్మను ఒక ఫొటో ప్రశ్నించాను. చివరిది: నేను నా స్నేహితురాళ్ళను పోగొట్టుకుంటున్నాను.

మొదటి నాలుగింటికీ ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఐదోదాని దగ్గర ఆ అమ్మాయి నవ్వలేదు. “అట్లా కాదు మేడమ్. నేనేం పోగొట్టుకోవడం లేదు” అంది.

ఆ ఐదోదానికి తీరిగ్గా కూర్చోవాలి. ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

ఇంగ్లీషులో ఏది చోటు మారినా ట్రాన్స్‌ఫరే. ఉద్యోగి మారినా, ఖాతాలోంచి ఖాతాలోకి డబ్బు మారినా, ఫుట్‌బాల్ ఆటగాడు క్లబ్బు మారినా, మీరు ఒక మెట్రో దిగి ఇంకో మెట్రో ఎక్కినా అదే మాట. స్పానిష్ అంతటితో ఊరుకోదు. మారింది మనిషా, డబ్బా, బండా అని నిలదీస్తుంది. ఉద్యోగి వేరే ఊరికి మారితే త్రస్లాదో. డబ్బు మారితే త్రాన్స్‌ఫెరెన్సియా. ఆటగాడిని ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు అప్పగిస్తే త్రస్పాసో; నడుస్తున్న దుకాణాన్ని వేరేవాళ్ళకు అప్పగించినా ఆ మాటే. బండి దిగి బండి ఎక్కితే త్రాన్స్‌బోర్దో. ఈ చివరి మాటలో ‘బోర్దో’ అంటే ఓడ పక్కభాగం. ఒక ఓడ మీంచి ఇంకో ఓడ మీదికి మారే రోజుల నాటి మాట, ఇవాళ భూమి కింద నడిచే మెట్రో స్టేషన్లలో బోర్డుల మీద ఉంది.

మరి మన తెలుగు? ఉద్యోగికీ బదిలీయే, డబ్బుకీ బదిలీయే. ‘నగదు బదిలీ’ అని పత్రికల్లో రోజూ చూస్తున్నాం. రైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బదిలీ అనం, బండి మారాం అంటాం. అంటే ఇంగ్లీషు కలిపేసిన దాన్ని తెలుగు కొంత విడదీసింది, స్పానిష్ ఇంకాస్త విడదీసింది.

ఆ అమ్మాయి రాసుకున్న ‘త్రాన్స్‌ఫెరెన్సియా’ విన్నవాళ్ళకు ముందుగా బ్యాంకే గుర్తొస్తుంది. కొన్ని దేశాల్లో ఉద్యోగుల విషయంలోనూ దానికి సంబంధించిన క్రియను వాడేవాళ్ళు ఉన్నారు గానీ, త్రస్లాదో అంటే ఎక్కడా తడబాటు ఉండదు. అందుకని వాక్యాన్ని ఇలా మార్చాం: అ మి పాద్రె లో త్రస్లాదారోన్ అ లీమా. మా నాన్నను లిమాకు బదిలీ చేశారు. ఇందులో ఒక తమాషా గమనించండి. ఎవరు చేశారు? తెలుగు వాక్యంలోనూ లేదు, స్పానిష్ వాక్యంలోనూ లేదు. ‘చేశారు’ అనే బహువచన క్రియ ఒక్కటే నిలబడి పని నడిపించేస్తుంది. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు. బదిలీ ఉత్తర్వులు ఎవరు వేస్తారో అక్కడా ఇక్కడా ఎవరికీ అంతుపట్టదు కాబట్టి ఇలా కుదిరిందని మా ఇంట్లో అనుకుంటూ ఉంటాం.

ఇంకో మాట కూడా మీ చెవిన వేయాలి: దెస్తీనో. దీని అర్థాల్లో ఒకటి తలరాత. ఇంకొకటి, ప్రయాణంలో చేరవలసిన చోటు. ఇంకొకటి, ఉద్యోగికి ఇచ్చిన పోస్టింగు. ఇక్కడ ఇబ్బంది తిరగబడింది చూశారా? ఇంగ్లీషు మూడు మాటలతో చెప్పేదాన్ని స్పానిష్ ఒక్క మాటలో పెట్టింది. కాబట్టి స్పానిష్ ఎప్పుడూ విడదీస్తుందని, ఇంగ్లీషు ఎప్పుడూ కలిపేస్తుందని అనుకోకండి.

పలకడం కష్టమేమో అని భయపడకండి. స్పానిష్ త, ద అక్షరాలు మన త, దల లాగే నాలుక పళ్ళకు తగిలించి పలికేవి. ఇంగ్లీషు ట, డలకు అలవాటుపడిన దొరలు వీటి కోసం నాలుక వంచి కష్టపడాలి, మనం అక్కర్లేదు.

మిగిలిన వాక్యాల్లో సైకిలుది త్వరగా తేలిపోయింది. ఇంగ్లీషులో ‘లీవ్’ అంటే బయలుదేరడం, ఒకచోట వదిలేయడం, నాన్నగారు పెట్టే సెలవు, అన్నీ. స్పానిష్‌లో బయటికి వెళ్ళడం సలీర్, వదిలి రావడం దెహార్, ఆఫీసు సెలవు పెర్మీసో. సైకిలు వదిలి వచ్చింది కాబట్టి దెహే మి బిసిక్లేతా. తెలుగులో ఆలోచిస్తే ఈ తప్పు జరిగేదే కాదు. ‘సైకిలు బయలుదేరాను’ అని మనం కలలో కూడా అనం.

ఈత వాక్యం అంత సులువు కాదు. ఇంగ్లీషు ‘నో’ అనే క్రియకు స్పానిష్‌లో రెండున్నాయి. విషయం తెలియడం, పని చేతనవడం సబేర్. మనిషితో, ఊరితో పరిచయం ఉండడం కొనోసేర్. మనకూ రెండున్నాయి: తెలుసు, వచ్చు. ఈత వచ్చు, హిందీ వచ్చు, వంట వచ్చు. ఢిల్లీ తెలుసు, పక్కింటి మామ్మగారు తెలుసు. ఇంతవరకూ చక్కగా సరిపోయింది. కానీ ‘బస్టాండు ఎక్కడుందో తెలుసు’ అన్నప్పుడు? మనం తెలుసు అంటాం. స్పానిష్‌లో అది పరిచయం కాదు, విషయం, అందుకని సబేర్. రెండు పొలాల్లోనూ గట్టు ఉంది గానీ ఒకే వరసలో లేదన్నమాట. ‘వచ్చు’ అనగలిగిన చోటల్లా సబేర్ పెట్టండి, తప్పు రాదు. ‘తెలుసు’ అన్నప్పుడే ఆగి, మనిషో ఊరో తెలుసా, సంగతి తెలుసా అని చూసుకోండి.

అమ్మమ్మ ఫొటో దగ్గర మాత్రం తెలుగు మమ్మల్ని ఆదుకోలేదు. ప్రశ్న అడుగుతాం, అప్పు అడుగుతాం, మంచినీళ్ళు అడుగుతాం. ఇంగ్లీషులోనూ అంతే. స్పానిష్‌లో జవాబు కావాలంటే ప్రెగుంతార్, వస్తువు కావాలంటే పెదీర్. రెండూ కలవవు. గ్లాసు మంచినీళ్ళకు ప్రెగుంతార్ వాడితే నీళ్ళను ప్రశ్నించినట్టు ఉంటుంది. మాతృభాషా ఇంగ్లీషూ రెండూ ఒకే వైపు ఉన్న ఇలాంటి చోట్లే తప్పు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే లోపల ఏ గంటా మోగదు. ఇవి గుర్తుపెట్టుకోవలసిందే, వేరే దారి లేదు. మేమైతే ‘పెదీర్’ పక్కన చాచిన చెయ్యి, ‘ప్రెగుంతార్’ పక్కన ప్రశ్నార్థకం బొమ్మ వేసుకున్నాం.

నిఘంటువు తప్పేమీ లేదని ఇక్కడ చెప్పాలి. జేబు నిఘంటువు బస్సు టికెట్టంత చోటులో రెండు భాషలను ఇరికిస్తుంది. అర్థాలు విడదీసి చెప్పే వీలు దానికి లేదు. కొంచెం పెద్దది తీస్తే అర్థాలకు అంకెలు వేసి, పక్కన ‘డబ్బు’, ‘ఉద్యోగి’, ‘రైలు’ లాంటి చిన్న గుర్తులు ఉంటాయి. చాలామంది ఆ గుర్తులను దాటేసి నేరుగా స్పానిష్ మాట మీద పడతారు. ముందు చదవవలసింది ఆ గుర్తే. తర్వాత, దొరికిన మాటను నిఘంటువు రెండో సగంలో, స్పానిష్ నుంచి ఇంగ్లీషు వైపు, మళ్ళీ వెతకండి. మీరు బయలుదేరిన అర్థానికే తిరిగి చేరితే సరే. చేరింది బ్యాంకుకైతే వెనక్కి రండి. ఆ అమ్మాయి పుస్తకంలో మేము చేసింది అంతే, ఇంకే విద్యా ప్రదర్శించలేదు.

దాని కింద ఉదాహరణ వాక్యం ఉంటే అది అన్నిటికన్నా విలువైనది. స్పెయిన్‌లో భాష కోసం 1713లో ఒక అకాడమీ పెట్టారు. దాని మొదటి పెద్ద నిఘంటువు 1726 నుంచి 1739 దాకా ఆరు సంపుటాలుగా వచ్చింది. మాటల అర్థాలకు ఆధారంగా మంచి రచయితల వాక్యాలను అందులో ఎత్తి చూపించారు. మాట ఒంటరిగా ఉన్నప్పుడు ఏ అర్థమైనా కావచ్చు, వాక్యంలో కూర్చున్నాకే దాని బండారం బయటపడుతుందని వాళ్ళకు అప్పుడే తెలుసు.

ఫోను ఉంది కదా అంటారు మీరు. ఉంది. ఒక్క మాట కొడితే అదీ జేబు నిఘంటువు లాగే తడబడుతుంది. పూర్తి వాక్యం ఇస్తే చాలావరకు సరిగ్గానే చెబుతుంది. అయితే ‘మా నాన్నకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది’ అని ఇచ్చారనుకోండి, వచ్చింది ఉత్తర్వో డబ్బో ఫోనుకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ ఇంట్లో పెట్టెలు సర్దుతున్నది మీరు.

దేశం సంగతి కూడా చూసుకోవాలి. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. సొరకాయను ఒకచోట ఆనపకాయ అంటేనే మనం కూరలబండి దగ్గర ఒక్క క్షణం ఆగుతాం, అక్కడ ఇంకా దూరాలు. బస్సును స్పెయిన్‌లో ఔతోబూస్ అంటారు, క్యూబాలో గ్వాగ్వా, మెక్సికోలో కమ్యోన్. ఆ కమ్యోనే స్పెయిన్‌లో లారీ. మెక్సికో పిల్ల ‘రోజూ కమ్యోన్‌లో బడికి వెళ్తాను’ అంటే మద్రిద్‌లో పాపం అనుకుంటారు.

ఇక ఐదో వాక్యం. ఇంగ్లీషు ‘మిస్’ చేసే పనులు లెక్కపెట్టండి. బస్సు మిస్. గురి మిస్. క్లాసు మిస్. పుస్తకంలో పేజీ మిస్సింగ్. అమ్మమ్మను మిస్. చివరికి టీచరమ్మ కూడా మిస్సే. ఈ మధ్య తెలుగులోనూ అన్నిటికీ ‘మిస్సయ్యాను’ అనేస్తున్నాం. నిజానికి మన దగ్గర ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. బస్సు తప్పిపోయింది. గురి తప్పింది. క్లాసు మానేశాను (ఎగ్గొట్టాను అనేది మీరు మీరు చెప్పుకునేటప్పుడు). పేజీ లేదు. అమ్మమ్మ గుర్తొస్తోంది.

స్పానిష్‌లో రైలు తప్పిపోతే పెర్దేర్. అంటే పోగొట్టుకోవడం. గురి తప్పితే ఫయార్. క్లాసుకు వెళ్ళకపోతే ఫాల్తార్. పేజీ లేకపోయినా ఫాల్తారే, లేనితనం అన్నమాట. జేబు నిఘంటువులో మొదట ఉన్నది పెర్దేర్. అది తీసుకొచ్చి స్నేహితురాళ్ళ ముందు పెట్టేసరికి ‘పోగొట్టుకుంటున్నాను’ అయి కూర్చుంది.

పోగొట్టుకోవడం వేరు, గుర్తుకురావడం వేరు. ఊరు మారిన పిల్లలకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయి ఎందుకు నవ్వలేదో మాకు అర్థమైంది.

మనిషి దూరమై మనసు కొట్టుకుంటే స్పానిష్‌లో రెండు ముఖ్యమైన మార్గాలున్నాయి. స్పెయిన్‌లో ఎక్కువగా వినిపించేది ఎచార్ దె మేనోస్. దీన్ని మాటకు మాట విప్పితే ఏమీ దొరకదు: ఎచార్ అంటే విసరడం, మేనోస్ అంటే తక్కువ. అసలు ఇది పక్కనున్న పోర్చుగీసు నుంచి వచ్చిందంటారు. ఆ భాషలో అచార్ అంటే కనుగొనడం. లెక్క చూస్తే ఒకటి తక్కువ కావడం. విహారయాత్ర నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో తలలు లెక్కపెడతాం చూడండి, ఆ లెక్కలో ఒకరు తగ్గినప్పుడు గుండె ఎలా జారుతుందో అదే ఈ మాట. స్పానిష్‌లోకి వచ్చేసరికి అచార్ కాస్తా తమకు అలవాటైన ఎచార్ అయింది. తెలుగులో ‘నువ్వు లేని లోటు’ అంటామే, ఆ లోటు కూడా లెక్కల మాటే.

లాటిన్ అమెరికా దేశాల్లో ఎక్కువగా వినిపించేది ఎక్స్‌త్రాన్యార్. ఎక్స్‌త్రాన్యో అంటే వింతైనది, పరాయిది. మనిషిని దేశం నుంచి పంపించివేయడానికి కూడా ఒకప్పుడు ఈ క్రియే వాడేవారు. అలవాటైనది దగ్గర లేక చుట్టూ ఉన్నదంతా కొత్తకొత్తగా తోచడం దీని మరో అర్థం. కొత్త ఊళ్ళో మొదటి రాత్రి నిద్రపట్టకపోతే, మంచానికి ఈ క్రియ కలిపి చెబుతారు. మంచం కొత్త, ఫ్యాను చప్పుడు కొత్త, కిటికీ గోడకు ఇటు ఉండాల్సింది అటుంది. ఆరు ఊళ్ళలో ఆరు మొదటి రాత్రులు మాకు గుర్తున్నాయి. ఇన్ని రాత్రులకు సరిపోయే క్రియ ఒకటుందని తెలిసి మేము నిజంగా సంతోషించాం.

వెళ్ళేది లిమాకు కనుక రెండోదే తీసుకున్నాం. ఎక్స్‌త్రాన్యో అ మిస్ అమీగాస్. ఈ వాక్యంలో ‘అమీగాస్’కు ముందు ఒంటి ‘అ’ ఎందుకని అడిగింది. తెలుగు టీచర్లం, ఈ ప్రశ్నకు ఎగిరి గంతేశాం. మనం ‘రైలు చూశాను’ అంటాం గానీ ‘అమ్మ చూశాను’ అనం కదా? ‘అమ్మను చూశాను’ అనాలి. మనిషైతే ‘ను’ తప్పనిసరి, వస్తువైతే వదిలేసినా చెల్లుతుంది. స్పానిష్‌లోనూ రైలుకు ముందు ఏమీ అక్కర్లేదు, అమ్మకు ముందు ‘అ’ రావాలి. ద్వితీయా విభక్తి ఎందుకు చదవాలి అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఇక మీదట జవాబుగా లిమా కథ చెబుతాం.

గంట కొట్టేముందు ఆ అమ్మాయి ఇంకొకటి అడిగింది. “బెంగను ఏమంటారు మేడమ్?”

నిఘంటువులు మూడూ తిరగేశాం. నోస్తాల్హియా ఉంది, గడిచిన రోజుల కోసం. అన్యోరాన్సా ఉంది, కతలాన్ భాష నుంచి వచ్చిన మాట. మొర్రీన్యా ఉంది, స్పెయిన్ వాయవ్యాన ఉన్న గలీసియా వాళ్ళది, సొంత ఊరి మీద దిగులు. దగ్గరగా వచ్చేది అదే. కానీ బెంగ పెట్టుకుంటే అన్నం సహించదు, ఒళ్ళు వెచ్చబడుతుంది, అమ్మమ్మ దిష్టి తీస్తుంది. అదంతా ఏ ఒక్క మాటలోనూ పట్టలేదు. ఆ అమ్మాయి పుట అంచున ‘బెంగ’ అని తెలుగులో రాసుకుని పక్కన చుక్కలు పెట్టింది. అక్కడ ఎవరినైనా అడుగుతానంది.

ఏప్రిల్‌లో ఆమె దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఐదు వాక్యాలూ తడుముకోకుండా చెప్పిందట. ఐదోది అవగానే పక్క బెంచీలో పిల్ల ఆ స్నేహితురాళ్ళ పేర్లు అడిగిందట. కింద ఇంకో వరస: “అడిగింది అంటే ప్రెగుంతార్, పెదీర్ కాదు మేడమ్. బెంగకు ఇంకా దొరకలేదు.”